వారానికి ఒక్క పేజీ: జీవితం మారుతున్నప్పుడు కృతజ్ఞత అలవాటు ఏం చేయగలదు?

ఉద్యోగ విరమణ చేసిన మొదటి నెలలోనో, బదిలీపై కొత్త ఊరికి వెళ్లినప్పుడో, ఇంటర్ పూర్తిచేసి తొలిసారి హాస్టల్ గదిలో పెట్టె దింపినప్పుడో, ఇంట్లో ఒకరికి దీర్ఘకాలిక జబ్బు ఉందని తెలిసినప్పుడో చాలామందికి ఒక సలహా వినిపిస్తుంది: “లేనిదాని గురించి ఆలోచించకు, ఉన్నదానికి సంతోషించు.” చెప్పేవారి ఉద్దేశం మంచిదే. వినేవారికి మాత్రం తమ బాధను కొట్టిపారేసినట్టు అనిపిస్తుంది. పైగా, సంతోషించమని చెప్పగానే సంతోషించడం ఎవరి చేతుల్లోనూ ఉండదు.

గత రెండు దశాబ్దాలుగా మనస్తత్వ శాస్త్రవేత్తలు పరీక్షిస్తున్నది ఈ సలహాను కాదు, అంతకంటే చాలా చిన్న పనిని. ఒక నోటుబుక్కు తీసుకుని, రోజుకోసారో వారానికోసారో, తమకు జరిగిన మేలు గురించి నాలుగు వాక్యాలు రాయడం. ఇంతే. ఇది పనిచేస్తుందా, ఎవరికి ఎంత పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు అన్న ప్రశ్నలకు ఇప్పుడు కొన్ని జవాబులు ఉన్నాయి. వాటిలో కొన్ని వాట్సాప్‌లో తిరిగే సుభాషితాల కంటే భిన్నంగా ఉంటాయి.

మంచికి త్వరగా అలవాటుపడే మనసు

ఇంటికి కొత్తగా కుళాయి వచ్చిన వారమంతా అందరూ దాని గురించే మాట్లాడతారు. నెల తిరిగేసరికి కుళాయి తిప్పితే నీళ్లు రావడం మామూలు విషయమైపోతుంది. మళ్లీ దాని విలువ గుర్తొచ్చేది మోటారు కాలిపోయిన రోజునే. సుఖానికి ఇలా అలవాటుపడిపోవడాన్ని శాస్త్రవేత్తలు ‘హెడోనిక్ అడాప్టేషన్’ అంటారు.

దీని గురించి తరచూ చెప్పే అధ్యయనం 1978 నాటిది. ఫిలిప్ బ్రిక్‌మన్, ఆయన సహచరులు అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో లాటరీ గెలిచిన 22 మందిని, అలాంటిదేమీ జరగని మరో 22 మందిని, ప్రమాదాల్లో గాయపడి పక్షవాతానికి గురైన 29 మందిని ప్రశ్నించారు. లాటరీ గెలిచినవారు మామూలు మనుషుల కంటే చెప్పుకోదగినంత ఎక్కువ సంతోషంగా ఏమీ లేరు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. స్నేహితులతో కబుర్లు, పొద్దుటి ఫలహారం, ఒక జోక్ వినడం వంటి చిన్న విషయాల్లో వారికి ఆనందం తగ్గింది. పక్షవాతానికి గురైనవారు మిగతా రెండు బృందాల కంటే తక్కువ సంతోషంగా ఉన్నారు, అయితే మనం ఊహించుకునేంత పాతాళంలో లేరు. “లాటరీ గెలిచినా కాళ్లు పోయినా చివరికి ఒకటే” అని ఈ అధ్యయనం పేరు మీద చలామణీ అయ్యే మాట నిజం కాదు. పైగా అందులో పాల్గొన్నవారి సంఖ్య చాలా చిన్నది.

ఇంతకంటే బలమైన ఆధారం జర్మనీ నుంచి వచ్చింది. అక్కడ 1984 నుంచి వేలాది కుటుంబాలను ఏటా అవే ప్రశ్నలు అడుగుతూ ఒక సర్వే సాగుతోంది. ఆ వివరాలను రిచర్డ్ లూకస్ తదితరులు విశ్లేషించారు. పెళ్లి తెచ్చిన అదనపు సంతృప్తి సగటున కొన్నేళ్లలో కరిగిపోయింది. జీవిత భాగస్వామిని కోల్పోయినవారు మునుపటి స్థాయికి దగ్గరగా రావడానికి ఏళ్ల తరబడి సమయం పట్టింది. ఉద్యోగం పోయినవారైతే, మళ్లీ ఉద్యోగం దొరికిన తర్వాత కూడా సగటున పాత స్థాయికి పూర్తిగా చేరుకోలేదు. మంచికి త్వరగా అలవాటుపడతాం, దెబ్బకు నెమ్మదిగా. కొన్ని దెబ్బలకైతే అసలు పూర్తిగా అలవాటుపడం.

దీనికి తోడు మరొకటి. చెడు సంఘటనలు, చెడు మాటలు, చెడు వార్తలు అంతే పరిమాణంలో ఉన్న మంచివాటి కంటే మనసు మీద బలంగా ముద్ర వేస్తాయి. రాయ్ బామైస్టర్ బృందం 2001లో ఎన్నో రంగాల పరిశోధనలను ఒకచోట చేర్చి చూపింది ఇదే. ప్రమాదాన్ని గుర్తించడంలో ఆలస్యం చేసిన జీవికి రెండో అవకాశం ఉండకపోవచ్చు కాబట్టి, పరిణామ క్రమంలో ఈ గుణం నిలిచిందని వారి వాదన.

ఈ రెండింటినీ కలిపి చూస్తే మార్పుల కాలం ఎందుకంత బరువుగా ఉంటుందో అర్థమవుతుంది. పోయినది కళ్లముందు నిలబడుతుంది. ఇంకా ఉన్నది, కొత్తగా వచ్చింది కనిపించకుండా పోతాయి. నోటుబుక్కులో రాయడం ద్వారా లేని మంచిని సృష్టించడం లేదు. ఉన్న జమాఖర్చుల పుస్తకంలో మనసు రాయకుండా వదిలేస్తున్న జమల పద్దును రాయడం, అంతే.

2003 నాటి ప్రయోగం

మైకేల్ మెక్‌కలోతో కలిసి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణానికి చెందిన రాబర్ట్ ఎమ్మన్స్ 2003లో ప్రచురించిన పరిశోధన ఈ రంగానికి పునాది లాంటిది. దీన్ని కాస్త వివరంగా చూడటం అవసరం, ఎందుకంటే తర్వాత వచ్చిన పొగడ్తలూ విమర్శలూ అన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

మొదటి ప్రయోగంలో సుమారు 200 మంది విద్యార్థులను చీట్లు వేసినట్టుగా మూడు బృందాలుగా విడగొట్టారు. పది వారాల పాటు, వారానికొకసారి రాయాలి. మొదటి బృందం ఆ వారంలో తాము కృతజ్ఞతతో తలచుకునే విషయాలు అయిదు వరకు రాసింది. రెండో బృందం చిరాకు తెప్పించినవి రాసింది. మూడో బృందం మంచీచెడూ అని చూడకుండా, తమ మీద ప్రభావం చూపిన సంఘటనలు రాసింది. మొదటి బృందం రాతల్లో తల్లిదండ్రులు, స్నేహితుల ఉదారత, పొద్దున్నే నిద్ర లేవగలగడం ఉన్నాయి. ఒకరు తమకిష్టమైన రాక్ సంగీత బృందం పేరు రాశారు. రెండో బృందంలో బండి నిలపడానికి చోటు దొరకకపోవడం, వంటగదిని ఎవరూ శుభ్రం చేయకపోవడం, డబ్బు త్వరగా అయిపోవడం కనిపించాయి. ఏ దేశపు విద్యార్థులైనా ఒకటేనేమో.

పది వారాల తర్వాత కృతజ్ఞత బృందం తమ జీవితాన్ని మొత్తంగా మిగతా రెండు బృందాల కంటే మెరుగ్గా అంచనా వేసుకుంది. రాబోయే వారం గురించి ఎక్కువ ఆశతో ఉంది. తలనొప్పి, కడుపునొప్పి వంటి ఫిర్యాదులు తగ్గాయి. చిరాకులు రాసిన బృందంతో పోలిస్తే వారానికి దాదాపు గంటన్నర ఎక్కువ వ్యాయామం చేశామని వారు చెప్పారు. ఈ చివరి పోలికను జాగ్రత్తగా చదవాలి. పది వారాలు ఒకరి చేత చిరాకులు రాయిస్తే వారి ఉత్సాహం తగ్గే అవకాశమూ ఉంది. కాబట్టి ఆ తేడా అంతా కృతజ్ఞత తెచ్చిపెట్టిందేనని చెప్పలేం. ఈ సందేహం వచ్చే పాఠకుడు సరైన దారిలోనే ఆలోచిస్తున్నట్టు. తర్వాతి పరిశోధకులకూ అదే సందేహం వచ్చింది.

రెండో ప్రయోగంలో 13 రోజుల పాటు రోజూ రాయించారు. అందులో కృతజ్ఞత బృందంలోని వారు, వేరొకరి కష్టంలో తోడు నిలిచామని లేదా ఓదార్చామని ఎక్కువగా చెప్పారు.

మన విషయానికి దగ్గరైనది మూడో ప్రయోగం. ఇందులో పాల్గొన్నవారు విద్యార్థులు కారు. నరాలు, కండరాలకు సంబంధించిన దీర్ఘకాలిక వ్యాధులున్న 65 మంది పెద్దలు. చిన్నప్పుడు పోలియో సోకి, దశాబ్దాల తర్వాత కండరాలు మళ్లీ బలహీనపడుతున్నవారు వారిలో చాలామంది ఉన్నారు. మూడు వారాలు రోజూ సగం మంది కృతజ్ఞత పద్దు రాశారు. మిగతా సగం మంది ఆరోజు తమ మానసిక స్థితి గురించిన ప్రశ్నావళిని మాత్రమే నింపారు. ఇక్కడ చిరాకులు రాయించిన బృందం లేదు, కాబట్టి పై సందేహానికి తావు లేదు. రాసినవారిలో సంతోషం, జీవితంపై సంతృప్తి, ఇతరులతో అనుబంధ భావన పెరిగాయి. ఎక్కువసేపు నిద్రపోయామని, పొద్దున లేచేసరికి హాయిగా ఉందని చెప్పారు. వారి జీవిత భాగస్వాములను విడిగా అడిగితే, వారికి కూడా ఈ తేడా కనిపించింది. తమ గురించి తాము చెప్పుకునే లెక్కల మీద ఆధారపడే రంగంలో ఇలా పక్కవారి సాక్ష్యం దొరకడం అరుదు. జబ్బు మాత్రం జబ్బులాగే ఉంది.

నిద్ర సంగతికి కొంత వివరణ దొరికింది. బ్రిటన్‌లో అలెక్స్ వుడ్ బృందం 2009లో 401 మందిని పరిశీలించింది. కృతజ్ఞతాభావం ఎక్కువగా ఉన్నవారు పడుకునే ముందు తక్కువ దిగులు ఆలోచనలు, ఎక్కువ ఊరట కలిగించే ఆలోచనలు చేస్తున్నారని, మెరుగైన నిద్రకు ఆ ఆలోచనలే కారణంగా కనిపిస్తున్నాయని తేల్చింది. పక్క మీద వాలాక ఫోన్‌లో వార్తలు చూసేవారికి దీనిలోని మర్మం వేరే చెప్పక్కర్లేదు.

రోజూ రాయాలా, వారానికొకసారా?

ఎక్కువ చేస్తే ఎక్కువ ఫలితం అనుకోవడం సహజం. సోన్యా లుబొమిర్‌స్కీ, ఆమె సహచరులు ఈ నమ్మకాన్ని పరీక్షించారు. ఆరు వారాల పాటు ఒక బృందం వారానికొకసారి, మరో బృందం వారానికి మూడుసార్లు తమకు కలిగిన మేళ్లను రాసింది. సంతోషం పెరిగింది వారానికొకసారి రాసిన బృందంలోనే. మూడుసార్లు రాసినవారిలో మార్పు రాలేదు.

కారణం పైన చెప్పుకున్నదే. మనసు దేనికైనా అలవాటుపడుతుంది, కృతజ్ఞత రాయడానికి కూడా. సోమవారం “ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం” అని రాసి, బుధవారం అదే రాసి, శుక్రవారం మళ్లీ అదే రాస్తే అది హాజరు పట్టీ అవుతుంది.

దీనికి ఎదురు వాదనా ఉంది. మార్టిన్ సెలిగ్‌మన్ బృందం 2005లో ఇంటర్నెట్ ద్వారా నడిపిన ప్రయోగంలో, వారం రోజులు ప్రతి రాత్రీ ఆరోజు జరిగిన మూడు మంచి విషయాలు, ఒక్కొక్కటి ఎందుకు జరిగిందో కారణంతో సహా రాయించారు. వాళ్లలో ఆరు నెలల తర్వాత కూడా సంతోషం పెరుగుదల, కుంగుబాటు లక్షణాల తగ్గుదల కనిపించాయి. వారం ముగిశాక కూడా ఎవరూ అడగకుండానే కొనసాగించినవారిలో ఫలితం ఎక్కువగా నిలిచింది. అయితే 2012లో కెనడాకు చెందిన మిరియమ్ మాంగ్రెయిన్ బృందం ఇదే ప్రయోగాన్ని మళ్లీ చేసి, తమ బాల్యంలోని మంచి జ్ఞాపకాలను రాసినవారికి కూడా అంతే సంతోషం పెరిగిందని చూపింది. అంటే ‘మూడు మంచి విషయాలు’ అన్న సూత్రంలో మంత్రమేమీ లేదు. మంచివైపు కాసేపు శ్రద్ధగా చూడటమే పనిచేసి ఉండవచ్చు.

ఈ ఆధారాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు సబబుగా తోచేది ఇది: మార్పు వచ్చిన తొలి వారం రెండు వారాలు రోజూ రాయవచ్చు, ఆ తర్వాత వారానికొకసారికి తగ్గించుకోవడం మేలు. ‘కారణం’ రాయడం మాత్రం వదలకూడదు. “ఎందుకు జరిగింది?” అని అడగగానే వాక్యంలోకి ఒక మనిషి వస్తారు.

కొత్త చోట తొలి నెలలు

ఆ మనిషే ఈ వ్యవహారానికి కీలకమని అలెక్స్ వుడ్ బృందం 2008లో ప్రచురించిన మరో అధ్యయనం సూచిస్తుంది. ఇల్లు వదిలి విశ్వవిద్యాలయంలో చేరిన మొదటి సంవత్సరం విద్యార్థులను తొలి సెమిస్టర్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి ప్రశ్నించారు. మొదట్లో కృతజ్ఞతా గుణం ఎక్కువగా ఉన్నవారు సెమిస్టర్ చివరికి తమకు అండగా ఉన్నవారు ఎక్కువమంది ఉన్నారని భావించారు. ఒత్తిడి, కుంగుబాటు తక్కువగా ఉన్నాయి. అండ దొరకడం వల్ల కృతజ్ఞత పెరిగిందా, కృతజ్ఞత వల్ల అండ పెరిగిందా అన్న ప్రశ్నకు, ఈ లెక్కలు రెండో వైపే మొగ్గాయి.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో హాస్టల్లో చేరిన అమ్మాయి విషయంలో ఇది ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. మొదటి నెలలో ఆమెకు కనిపించేది మెస్ కూర, స్నానాల గది ముందు వరస, ఇంటి మీద బెంగ. జ్వరం వచ్చిన రోజు పక్క గది అమ్మాయి గంజి తెచ్చి పెట్టింది. వారం తర్వాత ఆ సంగతి మరిచిపోతే ఆమె ఒక తెలియని ముఖంగానే మిగులుతుంది. రాసి పెట్టుకుంటే, తర్వాత ఆమెను పలకరించడం, పరీక్షకు ముందు నోట్సు ఇవ్వడం తేలికవుతుంది. పరిచయాలు స్నేహాలుగా మారేది ఇలాంటి చోట్లే.

చాలాకాలంగా మనతో ఉండి, కనిపించకుండా పోయిన మంచి కోసం మరో పద్ధతి ఉంది. 2008లో మిన్‌క్యుంగ్ కూ, శారా ఆల్గో, టిమోతీ విల్సన్, డేనియల్ గిల్బర్ట్ చేసిన ప్రయోగాల్లో కొందరిని, తమ జీవిత భాగస్వామిని ఎలా కలుసుకున్నారో రాయమన్నారు. మరికొందరిని, తాము ఎన్నడూ కలుసుకోకుండా పోయే అవకాశం ఎలా ఉండేదో రాయమన్నారు. బంధం పట్ల సంతృప్తి పెరిగింది రెండో బృందంలో. ఆ రోజు ఆ బస్సు తప్పిపోయి ఉంటే, ఆ పెళ్లికి వెళ్లకపోయి ఉంటే అని ఆలోచించగానే, మామూలైపోయిన విషయం మళ్లీ ఆశ్చర్యంగా కనిపిస్తుంది. మన పెద్దవాళ్లు “అలాంటి మాటలు అనకూడదు” అని నోరు మూయించే ఆలోచన ఇది. అయినా ఒంటరిగా కూర్చుని కాగితం మీద రాసుకుంటే దోషం ఉండదనుకుంటాను.

రుణం అనే మాట

ఇంతవరకూ చెప్పిన ప్రయోగాలు ఎక్కువగా అమెరికా, బ్రిటన్ వంటి దేశాల్లో జరిగినవి. అవి మనకు ఉన్నవి ఉన్నట్టు వర్తిస్తాయా?

ముందుగా, కృతజ్ఞత చెప్పడం వేరు, కృతజ్ఞత కలగడం వేరు. 2018లో సిమియన్ ఫ్లాయిడ్ తదితరులు అయిదు ఖండాలకు చెందిన ఎనిమిది భాషల రోజువారీ సంభాషణలను రికార్డు చేసి పరిశీలించారు. ఎవరైనా అడిగిన చిన్న సాయం చేసినప్పుడు మాటలతో కృతజ్ఞత చెప్పడం చాలా అరుదని తేలింది. ఇంగ్లిష్, ఇటాలియన్ మాట్లాడేవారు కాస్త ఎక్కువగా చెబుతారు, వారు కూడా చాలాసార్లు చెప్పరు. సాయం చేయడం మామూలు విషయమని అందరూ అనుకునే చోట దానికి ప్రత్యేకంగా మాట అవసరం రాదు. ఆ ఎనిమిదింటిలో భారతీయ భాష లేదు గానీ, తెలుగిళ్లలో పరిస్థితి అదే. అన్నం వడ్డించిన అమ్మకు కొడుకు “ధన్యవాదాలు” అంటే, “ఏంట్రా, కొత్తగా?” అని ఆమె కంగారుపడుతుంది.

కృతజ్ఞత నిజంగా ఉప్పొంగినప్పుడు తెలుగువాళ్లు వాడే మాట వేరు. “మీకు రుణపడి ఉంటాను”, “మీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేను.” మన భాషలో కృతజ్ఞత అప్పు రూపంలోనే వస్తుంది. ఇది ఉత్త మాట కాదని ఒక అధ్యయనం సూచిస్తోంది. ల్యుద్మిలా తితోవా, ఆమె సహచరులు 2017లో అమెరికన్ల చేత, భారతీయుల చేత కృతజ్ఞతా లేఖలు రాయించి ఫలితాలు పోల్చారు. అమెరికన్లలో మంచి భావాలు పెరిగాయి. భారతీయుల్లో మంచి భావాలతో పాటు విచారం, అపరాధభావం కూడా పెరిగాయి. అంతకుముందు 2013లో అమెరికా, దక్షిణ కొరియా విద్యార్థులను పోల్చిన మరో ప్రయోగంలోనూ కృతజ్ఞతా లేఖలు కొరియన్లకు తక్కువగా ఉపయోగపడ్డాయి.

ఈ ఫలితం మనకు వింతగా తోచదు. డల్లాస్‌లో ఉద్యోగం చేస్తూ గుంటూరులో ఉన్న తల్లిదండ్రుల గురించి కృతజ్ఞతతో రాయడానికి కూర్చున్న కొడుకు, మూడో వాక్యానికి వచ్చేసరికి తాను వాళ్ల దగ్గర లేని సంగతే రాస్తుంటాడు. కూతురి చదువు కోసం పొలం అమ్మిన తండ్రిని తలచుకునే కూతురికీ అంతే. ఇది అలవాటు విఫలమైనట్టు కాదు. ఎమ్మన్స్ ప్రయోగపు సూచనలు రాసినవారికి ఈ బరువు ఎదురుకాలేదు, అంతే.

మనస్తత్వ శాస్త్రం కృతజ్ఞతను, రుణభావాన్ని రెండు వేర్వేరు భావాలుగా చూస్తుంది. ఫిలిప్ వాట్కిన్స్ బృందం 2006లో ఈ తేడాను చూపింది. సాయం చేసినవారు తిరిగి ఏదో ఆశిస్తున్నారని అనిపించే కొద్దీ రుణభావం పెరుగుతుంది, కృతజ్ఞత తగ్గుతుంది. కాబట్టి నోటుబుక్కు మొదలుపెట్టేటప్పుడు అన్నిటికంటే పెద్ద అప్పుతో, అంటే అమ్మానాన్నలతో మొదలుపెట్టకపోవడం మంచిదని నా అభిప్రాయం. మన నుంచి ఏమీ ఆశించని మేళ్లతో మొదలుపెట్టవచ్చు: వాన పడుతుంటే ఆపమన్న చోట ఆపిన బస్సు డ్రైవరు, మందుల చీటీలో తప్పు పట్టుకున్న మెడికల్ షాపు కుర్రాడు, కొత్త ఆఫీసులో కంప్యూటర్ ఎలా తెరవాలో రెండోసారి కూడా విసుక్కోకుండా చెప్పిన జూనియర్. పెద్ద రుణాల పేజీ వచ్చినప్పుడు, కింద ఒక గీత గీసి, ఈ వారం చేయగల ఒక చిన్న పనిని రాసుకోవాలి. ఫోన్ చేయడం, కళ్లద్దాలు మార్పించడం, పండక్కి టికెట్ తీయడం. అపరాధభావం పనిగా మారితే అంత బరువుగా ఉండదు.

దేశానికి, దేశానికి తేడా ఉంటుందని 2025లో 28 దేశాల పరిశోధనలను కలిపి చేసిన విశ్లేషణ కూడా చెప్పింది. మొత్తం మీద ప్రయోజనం ఉందని, అది చిన్నదని ఆ విశ్లేషణ సారాంశం.

‘చిన్నది’ అంటే

ఇలాంటి మాటను దాటవేయడం తేలిక. కానీ దాని మీద కొందరి ఆరోగ్యం ఆధారపడి ఉంటుంది. డాన్ డేవిస్ బృందం 2016లో అప్పటివరకూ జరిగిన ప్రయోగాలను కలిపి లెక్కించింది. ఏమీ చేయనివారితో పోలిస్తే కృతజ్ఞత అభ్యాసం చేసినవారికి మేలు కనిపించింది. మరో మంచి అభ్యాసం చేసినవారితో పోలిస్తే ప్రత్యేకంగా మిగిలింది ఏమీ లేదు. ఓహైయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ క్రెగ్, జెన్నిఫర్ చీవెన్స్ 27 అధ్యయనాల్లోని 3,675 మంది వివరాలను కలిపి చూశారు. కుంగుబాటు, ఆందోళన లక్షణాలపై ప్రభావం చిన్నదేనని, వీటికి చికిత్సగా దీన్ని సిఫారసు చేయలేమని వారు రాశారు.

కాబట్టి రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, బతకాలనిపించకపోవడం వంటివి ఉంటే నోటుబుక్కు దానికి మందు కాదు. డాక్టరును చూడాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరు మీద రాత్రీపగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. కుంగుబాటులో ఉన్నవారిని “నీకున్న మంచి విషయాలు రాసుకో” అని బలవంతం చేస్తే, ఏమీ రాయలేకపోవడం వారికి మరో ఓటమిలా కనిపిస్తుంది.

ఇంకొక హద్దు. కొట్టే భర్త “పెట్టినవాటికి విశ్వాసం లేదు” అన్నప్పుడు, జీతం ఎగ్గొట్టే యజమాని “ఉద్యోగం ఇచ్చాను, గుర్తుంచుకో” అన్నప్పుడు అడుగుతున్నది కృతజ్ఞత కాదు, లొంగుబాటు. అక్కడ రాసుకోవలసింది తేదీలు, సాక్షులు.

తీరని దుఃఖం విషయంలోనూ తొందర పనికిరాదు. బాధ పెట్టిన పాత జ్ఞాపకం ఒకటి ఎంచుకుని, దాని వల్ల తర్వాత కలిగిన మంచి ఏమైనా ఉందా అని మూడు రోజులు రాసిన విద్యార్థులకు ఆ జ్ఞాపకం కాస్త సద్దుమణిగిందని, పిలవకుండా గుర్తుకు రావడం తగ్గిందని వాట్కిన్స్ బృందం 2008లో చూపింది. అవి పాత జ్ఞాపకాలు. పెద్దకర్మ కూడా కాని ఇంట్లో ఈ ప్రశ్న వేయకూడదు.

పేజీ రాయడం

లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాల పాటు గమనించింది. ఒక పని ఆలోచించకుండా చేసే అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, ఒక్కొక్కరికి 18 నుంచి 254 రోజుల వరకు తేడా ఉంది. “21 రోజుల్లో అలవాటు” అన్న ప్రచారానికి ఇందులో ఆధారం లేదు. ఊరటనిచ్చే సంగతి ఏమిటంటే, మధ్యలో ఒకసారి మానేసినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు. కొత్త పనిని ఎప్పుడూ చేసే పాత పనికి జతచేయడం ఆ ప్రయోగంలోని పద్ధతి. ఆదివారం పొద్దున కాఫీ తర్వాత, లేదా శనివారం రాత్రి తలుపులు వేశాక, ఇలా ఒక గుర్తు చాలు.

ఏం రాయాలన్నది అంతకంటే ముఖ్యం. “మంచి కుటుంబం ఉన్నందుకు సంతోషం” అన్న వాక్యం నిజమే అయినా పని చేయదు, ఎందుకంటే దాన్ని రాయడానికి ఈ వారాన్ని గుర్తు చేసుకోనక్కర్లేదు. “గురువారం స్కాన్ రిపోర్టు కోసం మూడు గంటలు కూర్చున్నాం, మరిది తన డ్యూటీ మార్చుకుని వచ్చి పక్కనే ఉన్నాడు, ఒక్క మాటా మాట్లాడలేదు” అని రాయాలంటే గురువారానికి తిరిగి వెళ్లాలి. తేదీ, మనిషి, వాళ్లు వదులుకున్నది, ఇవి మూడూ ఉంటే వాక్యం చిన్నదైనా సరిపోతుంది. అయిదు విషయాలు దొరకని వారం ఒకటే రాయవచ్చు. కష్టం కూడా రాయవచ్చు. స్కాన్ రిపోర్టులో ఏముందో దాచిపెట్టి మరిది మంచితనం ఒక్కటే రాస్తే అది అబద్ధమవుతుంది.

నెలకో రెండు నెలలకో ఒకసారి పేజీకి బదులు ఉత్తరం రాయవచ్చు. చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన నికోలస్ ఎప్లీతో కలిసి అమిత్ కుమార్ 2018లో చేసిన ప్రయోగాల్లో, కృతజ్ఞతా లేఖ రాసినవారు అందుకునేవారికి ఇబ్బందిగా ఉంటుందేమోనని ఎక్కువగా ఊహించుకున్నారు. అందుకున్నవారు వాళ్లనుకున్న దానికంటే ఎక్కువ ఆశ్చర్యపోయారు, ఎక్కువ సంతోషించారు. పదవీ విరమణ చేసిన బడి పంతులుకు పాత విద్యార్థి రాసే ఉత్తరంలో వాక్యనిర్మాణం ఎలా ఉందో ఆయన చూడడు. తెలుగు మాస్టారైతే తప్ప.

పంపలేని ఉత్తరాల సంగతి కూడా పరిశోధకులు చూశారు. ఇండియానా విశ్వవిద్యాలయంలో జోయెల్ వాంగ్ బృందం మానసిక చికిత్స కోసం వచ్చిన 293 మందితో చేసిన అధ్యయనం 2018లో అచ్చయింది. చికిత్సతో పాటు కృతజ్ఞతా లేఖలు రాసినవారు నాలుగు వారాల తర్వాత, 12 వారాల తర్వాత మెరుగైన మానసిక ఆరోగ్యం ఉందని చెప్పారు. వారిలో సుమారు నాలుగో వంతు మందే ఆ లేఖలను పంపారు. పంపనివారికీ మేలు కలిగింది. చనిపోయిన తాతకు, పేరు తెలియని నర్సుకు, ఇప్పుడు మాటలు లేని స్నేహితుడికి రాసిన కాగితం ఆ నోటుబుక్కులోనే మడిచి పెట్టుకోవచ్చు.